పొద్దున్న ఎనిమిదికి పిల్లనెవరు ఎత్తుకుంటారు?

(మార్చి 8న ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబాల మహిళలు కలుసుకున్న సభలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. అక్కలకీ చెల్లెళ్ళకీ, వెనక కుర్చీల్లో కూర్చున్న బావగార్లకీ తమ్ముళ్ళకీ కూడా నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు ఆడవాళ్ళ విజయాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, నేను పిల్లల సంగతి మాట్లాడతానని అడిగి ఒప్పించుకున్నాను. ముందు ఒక పని చేద్దాం. ఉద్యోగానికో, కూలికో, మగ్గానికో, అప్పడాల పనికో, ఎవరింట్లోనో వంటకో వెళ్ళేవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. ఎత్తిన చెయ్యి దించకండి. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్ల ఉంటే, పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ పిల్లని ఎవరు చూస్తారో ఒక్క మాటలో చెప్పగలిగినవాళ్ళే చెయ్యి అలా ఉంచండి.

చూడండి, సగానికి పైగా దిగిపోయాయి. ఎందుకంటే మన జవాబు ఒక్క మాటలో రాదు. పదింటిదాకా అత్తమ్మ, ఆవిడ గుడికెళ్తే పక్కింటి పిన్ని, తర్వాత అంగన్‌వాడీ, అది మూసేశాక స్కూల్ నుంచి వచ్చిన పెద్దపిల్ల. ఈ గొలుసులో ఒక్క లంకె ఊడితే ఆ రోజు పని పోయినట్టే. అత్తమ్మకి జ్వరం వస్తే కోడలు సెలవు పెడుతుంది. పెద్దపిల్లకి పరీక్షలుంటే పరీక్షే మానేస్తుంది. పదేళ్ళ ఆడపిల్ల బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగే ఇళ్ళు మన సాహిలోనే, అంటే మన పేటలోనే, ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు.

నా సంగతి చెప్తాను. మా అమ్మాయి 2012లో పుట్టింది. నేనప్పుడు ఈ ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జీతం 9,000. అప్పట్లో చట్ట ప్రకారం ప్రసూతి సెలవు 12 వారాలు. మా ఆయనది రైల్వే పని, ఖుర్దా వైపు డ్యూటీ పడితే రెండ్రోజులు ఇంటికి రారు. మా అమ్మ లేదు. అత్తమ్మ సోంపేటలో, ఆవిడకి మామయ్యనీ ఇంటినీ వదిలి రావడానికి కుదరదు. ఊళ్ళో పిల్లల్ని చూసే చోటు ఒకటి కనుక్కుని వెళ్తే నెలకి 3,500 అన్నారు, పాలూ తిండీ మనవే. అదీ సాయంత్రం నాలుగున్నర దాకానే. నా డ్యూటీ దిగేది ఏడింటికి.

దాంతో మా వీధిలోనే ఒకావిడ దగ్గర పెట్టాను. అప్పటికే ముగ్గురు పిల్లల్ని చూస్తోంది, మాది నాలుగోది. పిల్లకి 500. ఆ 500 విని నేను సంతోషించాను. ఆ సంతోషం తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పిల్లకి ఏడో నెల. ఒకరోజు పేషెంట్లు తక్కువగా ఉన్నారని మధ్యాహ్నం రెండింటికే వచ్చేశాను. నలుగురు పిల్లలూ వరుసగా చాప మీద పడుకుని ఉన్నారు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆవిడ అప్పడాలు ఒత్తుతోంది, పక్కన రెండు చేటల నిండా ఆరబెట్టినవి ఉన్నాయి. నా పిల్లని ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గౌను మెడ దగ్గర ఎర్రటి మరక, తియ్యటి వాసన. నేను నర్సుని, ఆ వాసన నాకు తెలుసు. దగ్గు మందు.

"ఏటి పట్టావమ్మా పిల్లకి?" అని అడిగాను. ఆవిడ దాచలేదు. "పెద్ద ఏటీ లేదమ్మా, అర చెంచా. నలుగురూ ఒక్కసారి ఏడిస్తే నేనేటి సేసేది? ఈ అప్పడాలు సాయంత్రానికి ఇచ్చీవాలి" అంది.

ఆ రాత్రంతా పిల్ల ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. తెల్లారేసరికి మామూలుగా అయింది, దేవుడి దయ. అందరికీ అలా కాకపోవచ్చు. నిద్రమత్తు తెచ్చే దగ్గు మందు పసిపిల్లల్లో ఊపిరిని మందగింపజేస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ అనే రెండు మందులు కలిపిన సీసాల మీద నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని రాయాలని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులే ఆదేశించారు. ఇంట్లో ఆ సీసా ఉంటే ఇవాళే లేబుల్ చదవండి.

ఆవిడ మీద చాలా రోజులు కోపం పెట్టుకున్నాను. తర్వాత లెక్క వేసుకుంటే కోపం ఎటు తిప్పాలో తెలిసింది. నలుగురు పిల్లలకి నెలకి 2,000. ఆ 2,000తో ఆవిడ ఇల్లు గడవదు. అందుకని పిల్లల్ని చూస్తూనే అప్పడాలు ఒత్తాలి. అప్పడాలు ఒత్తాలంటే పిల్లలు పడుకోవాలి. పిల్లలు పడుకోవాలంటే సీసా తియ్యాలి. నేనిచ్చిన 500లో ఆ అర చెంచా మందు కూడా కలిసే ఉంది. నాకు చవగ్గా దొరికిందనుకున్నాను గానీ, ఆ చవక భారం ఆవిడ కడుపు మీదా నా పిల్ల ఊపిరి మీదా పడింది. ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఇదే. పిల్లల్ని చూసే చోటు మనకి అందే ధరలో ఉండాలి. కానీ ఆ ధర తగ్గించడానికి చూసే మనిషి కూలి కొయ్యకూడదు. మిగిలిన భారం ఎవరెవరు మోయాలో తేల్చుకుందాం.

ఆ తర్వాత పిల్లని సోంపేటలో అత్తమ్మ దగ్గర ఉంచాను. ఐదు నెలలు. ఆదివారాలు రైలెక్కి వెళ్ళేదాన్ని. అత్తమ్మ బంగారంలా చూసింది, అందులో సందేహం లేదు. ఒక ఆదివారం రాత్రి పిల్ల నిద్రపోతుంటే చూశాను, గుప్పిట్లో అత్తమ్మ పాత నేత చీర ముక్క. అది లేకపోతే పడుకోదట. నెమ్మదిగా ఆ ముక్క తీసి నా చీర కొంగు గుప్పిట్లో పెట్టాను. కళ్ళు మూసుకునే తడిమి చూసింది. కొంగు వదిలేసి ఏడుపు లంకించుకుంది. అత్తమ్మ ఏమీ అనకుండా ఆ పాత ముక్క మళ్ళీ చేతిలో పెట్టింది. పిల్లని బరంపురం తెచ్చేసుకున్నప్పుడు ఆ ముక్క కూడా మడత పెట్టుకుని తెచ్చాను.

అత్తగార్ల గురించి ఒక మాట అనాలి. మనం "ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, ఇంకేం ఫర్వాలేదు" అనేస్తాం. అరవై ఐదేళ్ళ మనిషి పదకొండు కిలోల పిల్లని రోజుకి ఎన్నిసార్లు ఎత్తి దించుతుందో ఎవరూ లెక్కపెట్టరు. నడుం నొప్పితో మా వార్డుకి వచ్చే పెద్దావిడల్ని "ఇంట్లో చంటిపిల్లలున్నారామ్మా" అని అడుగుతుంటాను. ఉన్నారనే జవాబే ఎక్కువ. ఆవిడది ప్రేమే, అది శ్రమ కూడా. మధ్యాహ్నం రెండు గంటలైనా ఆవిడ నడుం వాల్చుకునేలా చూడటం మన బాధ్యత.

ఇప్పుడు అంగన్‌వాడీ దగ్గరికి వద్దాం. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది ఈ పథకం. ఇవాళ మన వీధి చివర ఉన్నది దాని శాఖే. టీకాలు, బరువు తూచడం, గర్భిణులకి తిండి, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలు, వేడి అన్నం, గుడ్డు, అన్నీ అక్కడే. ఒడిశాలో ఛతువా మన మహిళా సంఘాలే తయారుచేస్తాయి. గోధుమ, శనగ, వేరుశనగ వేయించి పిండి పట్టి చక్కెర కలిపి పొట్లాలు కడతారు. పిల్లకి పాలల్లో కలిపి పెడితే బలం. మన తెలుగిళ్ళల్లో కొందరు "సర్కారు పిండి" అని పక్కన పడేస్తారు. పారేయకండి, మంచి పిండి అది.

కానీ ఒక్క సంగతి గమనించండి. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లకి అంగన్‌వాడీ ఇచ్చేది ఛతువా పొట్లం, ఒడి ఇవ్వదు. తల్లి పనికి వెళ్ళాలంటే ఆ మూడేళ్ళలోనే అసలు చిక్కు. మూడు దాటిన పిల్లకైనా అక్కడ గడిచేది పొద్దుటి పూటే. అమ్మ వచ్చేది సాయంత్రం. మధ్యలో ఆ పిల్ల ఎక్కడుండాలి? ఇది అంగన్‌వాడీ దిది, అంటే అక్కడి టీచరమ్మ, తప్పు కాదు. ఆవిణ్ణి ప్రభుత్వం ఉద్యోగిగా లెక్కపెట్టదు, గౌరవ వేతనం ఇస్తుంది. గ్రాట్యుటీకి అంగన్‌వాడీ కార్యకర్తలు అర్హులేనని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. అలాంటి మనిషిని సాయంత్రం దాకా ఉండమని మనం పోట్లాడితే మళ్ళీ ఆ అప్పడాల లెక్కే.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 2006 నుంచి పని చేసే తల్లుల కోసం క్రెష్ పథకం ఉంది. క్రెష్ అంటే పగటిపూట పసిపిల్లల్ని చూసుకునే చోటు. 2017 జనవరి నుంచి దాన్ని జాతీయ క్రెష్ పథకం అన్నారు. అందులో రుసుము ఎంత పెట్టారో తెలుసా? దారిద్ర్యరేఖకి దిగువన ఉన్న ఇంటికి పిల్లకి నెలకి 20 రూపాయలు. తల్లిదండ్రులిద్దరి ఆదాయం 12,000 లోపుంటే 100. ఆ పైనుంటే 200. నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు తెరిచి ఉండాలన్నారు. ఒక్కో చోట 25 మంది పిల్లలు, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. కాగితం మీద ఇంత చక్కగా ఉండేది. 2022 నుంచి ఇదే పాల్నా అనే పేరుతో నడుస్తోంది. పాల్నా అంటే ఉయ్యాల. అంగన్‌వాడీలోనే క్రెష్ కలిపి పెట్టాలని, అలాంటివి దేశంలో 17,000 తెరవాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇది కేంద్రం వారి మిషన్ శక్తి కిందిది. 2001లో ఇదే మార్చి 8న ఒడిశాలో మొదలైన మన మహిళా సంఘాల మిషన్ శక్తి వేరు. పేరొకటే కావడంతో ఆఫీసుల్లో తికమక పడుతున్నారు, అందుకే చెప్తున్నాను. అర్జీ రాసేటప్పుడు "పాల్నా, అంగన్‌వాడీతో కలిసిన క్రెష్" అని విడిగా రాయండి. ఇవ్వాల్సింది సీడీపీఓ, అంటే అంగన్‌వాడీలని చూసే అధికారి, ఆఫీసులో, ఒక నకలు జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి. ఇచ్చాక నకలు మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని కాగితానికి మళ్ళీ జవాబు అడగలేం.

మనలాంటి సరిహద్దు వాళ్ళకి ఇంకో చిక్కుంది. పెళ్ళి ఇచ్ఛాపురంలో, కాన్పు పుట్టింట్లో పలాసలో, కాపురం ఇక్కడ. పిల్ల పేరు శ్రీకాకుళం జిల్లా అంగన్‌వాడీలో ఉంటుంది. ఇక్కడికొచ్చి అడిగితే "మీది ఆంధ్ర కదా" అంటారు. అలా అన్నారని వెనక్కి రావద్దు. అంగన్‌వాడీ సేవ పిల్ల ఎక్కడుంటే అక్కడ అందాల్సింది. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో పేర్లు నమోదు చేస్తున్నారు, అందులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకునే వీలు ఉంది. తల్లి ఆధార్, టీకాల కార్డు పట్టుకెళ్ళి ఇక్కడి దిదిని నెమ్మదిగా అడగండి. మన సాహి దిదికి ఈ సంగతి మేం కూర్చుని చూపించాం, ఇప్పుడు ఆవిడే మిగతావాళ్ళకి మార్చి పెడుతోంది.

భాష సంగతి కూడా ఇక్కడే. "పిల్లాణ్ణి ఒడియా అంగన్‌వాడీలో వేస్తే తెలుగు మర్చిపోతాడు" అని మామ్మలు భయపడతారు. మా అమ్మాయి అక్కడ దిదిని "పాణి" అడిగేది, ఇంటికొచ్చి నన్ను "మంచినీళ్ళు" అడిగేది. ఎవరి దగ్గర ఏ మాటో పిల్లలకి మనకంటే ముందే తెలిసిపోతుంది. ఇంట్లో మనం తెలుగు మాట్లాడుతుంటే తెలుగు ఎక్కడికీ పోదు.

ఇక పని ఇచ్చేవాళ్ళ సంగతి. మనలో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు అప్పుడు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనే ఉండేది, పిల్లకి 15 నెలలు వచ్చేదాకా తల్లికి మామూలు విరామం కాక రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలని. నేను స్టోర్ రూంలో గ్లూకోజు పెట్టెల మధ్య తలుపు గడియ పెట్టుకుని స్టీలు గ్లాసులోకి పాలు పిండుకుని పారబోసిన రోజుల్లో, విరామం నా హక్కని ఎవరూ చెప్పలేదు. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి సెలవు 26 వారాలైంది. 50 మందీ అంతకు మించీ పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి పిల్లని చూసుకోవచ్చు. ఇవన్నీ ఉద్యోగంలో చేర్చుకునే రోజునే రాతపూర్వకంగా చెప్పాలి కూడా. మీలో ఎవరికైనా ఆ కాగితం ఇచ్చారా? అనుకున్నాను.

ఇంతకంటే పాతది ఫ్యాక్టరీల చట్టం, 1948. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా అది నడిచింది. మామూలుగా 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాలని అందులో ఉండేది. అప్పటిదాకానే నడిచిన భవన నిర్మాణ చట్టం 1996 ప్రకారం, 50 మందికి మించి ఆడకూలీలుంటే అక్కడా ఉండాల్సింది. ఈ రెంటిలోనూ ఒక లోపం ఉండేది, నాకు చాలా బాధ కలిగించే లోపం. లెక్కపెట్టింది ఆడవాళ్ళని మాత్రమే. అంటే పిల్లల గది ఖర్చు వద్దనుకునే యజమాని ఆడవాళ్ళని తగ్గించుకుంటే సరిపోయేది. 2017 సవరణలో ఈ దోషం లేదు, మగా ఆడా అందరినీ లెక్కపెడుతుంది. అయినా నాలుగుసార్లు పిల్లని చూసి రావడానికి అనుమతి తల్లికేనని రాశారు. తండ్రి ఊసు లేదు. పిల్ల ఇద్దరిదీ అని చట్టం కూడా ఇంకా అనలేదన్నమాట.

మా ఆసుపత్రిలో ఏం జరిగిందో చెప్తాను. 2018లో మేం తొమ్మిది మంది నర్సులం, ల్యాబు అమ్మాయిలం సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదే" అన్నారు. రెండు నెలలు తిప్పారు. చివరికి రెండో అంతస్తులో వాడని ఒక గది ఇచ్చారు, ఆయమ్మని ఇవ్వలేదు. గది ఇచ్చాం కదా అన్నారు. మనిషి లేని గదిలో పిల్లని ఎలా వదులుతాం? ఆ గదిలో ఇప్పుడు పాత మంచాలున్నాయి. ఆ పోరాటం ఓడిపోయాం అనే చెప్పాలి. కానీ ఆ తొమ్మిది మందిమే తర్వాత కూర్చుని, పోనీ మన వీధిలోనే మనం పెట్టుకుందాం అనుకున్నాం.

అప్పుడు మాకు ధైర్యమిచ్చిన సంగతి ఒకటుంది. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్‌లో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు జరుగుతున్నాయి. కూలి తల్లులు తట్టలు మోస్తుంటే చంటిపిల్లలు దుమ్ములో, ఇసుక కుప్పల పక్కన పడి ఉన్నారు. మీరా మహదేవన్ అనే ఆవిడ అది చూసి ఊరుకోలేక అక్కడే వాళ్ళకోసం ఒక గుడారం వేయించింది. ఆ గుడారమే మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అయింది. కట్టడం పని ఎక్కడికి మారితే పిల్లల చోటు అక్కడికి మారేది, అందుకే ఆ పేరు. గుడారంతో మొదలుపెట్టొచ్చని మాకు ఆవిడ వల్ల తెలిసింది. మాకు గుడారం కూడా అక్కర్లేదు, మా వీధి మామ్మగారు ముందు గది ఇస్తానన్నారు. మామ్మగారూ, మీరు లేచి నిలబడనక్కర్లేదు, అందరూ చప్పట్లు కొడితే చాలు.

లెక్క చెప్తాను, దాచేది లేదు. 2024లో ఒడిశా ప్రభుత్వం నైపుణ్యం లేని పనికి రోజు కూలి కనీసం 450 రూపాయలకి పెంచింది. పిల్లల్ని చూడటం నైపుణ్యం లేని పని అని నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోకండి. కానీ కనీసం అంతకి తగ్గకూడదని ఒట్టు పెట్టుకున్నాం. పూర్తిరోజు ఉండి పిల్లల్ని చూసే మావుసికి (ఒడియాలో పిన్ని అన్నమాట) 26 రోజులకి 11,700. మధ్యాహ్నం నాలుగు గంటలు వచ్చే రెండో ఆవిడకి 5,850. కరెంటు, సబ్బు, ఫినాయిలు, చాపలు 800. మొత్తం 18,350. పిల్లలు పది మంది. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 1,835. నర్సు ఇవ్వగలదు. అప్పడాలు ఒత్తే తల్లి ఇవ్వలేదు.

అందుకని క్రెష్ పథకంలోని 20, 100, 200 మెట్లు చూసి మేమూ మెట్లు కట్టాం. ఇద్దరూ ఉద్యోగాలున్న నలుగురు 2,800 చొప్పున, అంటే 11,200. ఒక్క జీతం, చిన్న వ్యాపారం ఉన్న ముగ్గురు 1,800 చొప్పున 5,400. మగ్గం పని, ఇంటి పని చేసే ముగ్గురు 800 చొప్పున 2,400. మొత్తం 19,000. మిగిలే 650 పగిలిన బకెట్టుకీ చిరిగిన చాపకీ. పాలూ అన్నం ఎవరి పిల్లవి వాళ్ళే డబ్బాల్లో పంపుతారు.

"నా పిల్లకి 2,800, ఆవిడ పిల్లకి 800 ఎందుకు?" అని మొదట్లో గొడవ జరిగింది. అప్పుడు ఒక నేత కుటుంబం పెద్దాయన చెప్పిన మాట గొడవని ఆపింది. "బుడ్ఢి ఠాకురాణి యాత్రకి అమ్మవారిని కూతురిలా మన వీధికి తెచ్చుకుంటాం కదా. అప్పుడు ఉన్నవాడు వెయ్యి ఇస్తాడు, లేనివాడు పది ఇస్తాడు. అమ్మవారు ఇద్దరింటి ముందూ ఆగుతుందా లేదా?" అన్నాడు. రెండేళ్ళకోసారి వచ్చే కూతురికి చందా ఎత్తుతాం. రోజూ ఇంట్లో ఉన్న కూతురికి ఎత్తడం మనకి కొత్త పని కాదని అందరికీ అర్థమైంది.

మా మావుసికి మూడేళ్ళ కొడుకున్నాడు. పని అడగడానికి వచ్చినప్పుడు ఆవిడ వాడి సంగతి దాచింది. చెప్తే పని ఇవ్వమేమోనని భయం. మరి వాడు ఎక్కడుంటాడు అని గుచ్చి అడిగితే, "అక్క దగ్గర" అంది. ఆ అక్కకి ఎంత ఇస్తావంటే తల దించుకుంది. మన పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే మనిషి తన పిల్లని ఎక్కడో వదిలి రావడమేమిటి? ఆ కుర్రాడు ఇప్పుడు మా పది మందిలో ఒకడు. వాడిదీ 800 మెట్టే. ఆవిడే పట్టుబట్టి ఇస్తుంది, "ఊరికే వద్దు దిది" అని.

చోటు వెతుక్కునేవాళ్ళకి చెప్తున్నాను. ఎక్కడికెళ్ళినా చెప్పకుండా రెండుసార్లు వెళ్ళండి, ఒకసారి పదకొండింటికి, ఒకసారి మూడింటికి. పదకొండింటికి పిల్లలు ఆడుతుండాలి, కొంత ఏడుపు కూడా వినిపించాలి. పది మంది పసిపిల్లలున్న ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నేను ముందు అలమారలో సీసాలు చూస్తాను. నీళ్ళ డ్రమ్ముకి మూత ఉందా, బకెట్లు బోర్లించి ఉన్నాయా చూడండి. పసిపిల్ల మునగడానికి బకెట్టు అడుగున ఉన్న నీళ్ళు చాలు. నేత ఇళ్ళల్లో గుంట మగ్గం ఉంటే గుంటకి పలక వేసి ఉండాలి, పట్టు ఉడకబెట్టే గిన్నె ఉన్న వైపు పిల్లలు పాకకుండా అడ్డు ఉండాలి. చూసే మనిషితో కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడండి. ఆవిడ నెల జీతం ఎంతో మొహమాటం లేకుండా అడగండి. ఆవిడకి సరిపోకపోతే ఆవిడ ఇంకో పని కూడా చేస్తూ ఉంటుంది, ఆ గంటల్లో మీ పిల్లని చూసే కళ్ళు ఉండవు.

ఇంకో మాట. మొదటి రోజే పది గంటలు వదిలెయ్యకండి. మొదటి రోజు మీరూ కూర్చోండి, రెండో రోజు గంట, తర్వాత రెండు గంటలు. మా దగ్గర ఒక నియమం ఉంది. ప్రతి పిల్లా ఇంట్లో రోజూ వాడే పాత గుడ్డ ఒకటి తెచ్చుకోవాలి, ఉతక్కుండా. నిద్రవేళ మావుసి ఎవరి గుడ్డ వాళ్ళకి ఇస్తుంది. ఆ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

వెనక కూర్చున్న మగవాళ్ళతో ఒక మాట. సభ మొదలైనప్పటి నుంచి మీరు శ్రద్ధగా వింటున్నారు, చూస్తున్నాను. మా ఆయన డ్యూటీ లేని రోజుల్లో పిల్లని స్నానం చేయించడం మొదలుపెట్టినప్పుడు తోటివాళ్ళు నవ్వారట. ఆయన నవ్వులు పట్టించుకోలేదు. ఇవాళ పిల్లల ఇంటికి మంగళ, గురువారాల్లో సాయంత్రం తాళం వేసి, ఏ పిల్ల ఎవరితో వెళ్ళిందో రాసే పుస్తకం చూసేది ఆయనే. మీ వీధిలో పిల్లల ఇల్లు పెడితే ఆ పుస్తకం మగవాళ్ళ చేతిలో పెట్టండి. రోజూ ఏ పిల్ల ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో రాస్తుంటే ఎన్ని గంటల పని ఇదో వాళ్ళకే తెలుస్తుంది.

మా ఇల్లు పది మందికే. ఈ ఊళ్ళో అవసరం ఎంతో మీ చేతులు చూస్తేనే తెలిసింది. మనం చందాలతో పది మందిని చూసుకోగలం, వంద మందిని చూసుకోలేం. ఆ మిగిలిన భారం ప్రభుత్వమే మోయాలి. అందుకే మూడు సాహిలకి పాల్నా క్రెష్‌లు కావాలని సీడీపీఓ గారికి అర్జీ ఒడియాలో, తెలుగులో రాయించి తెచ్చాం. వెనక తలుపు పక్కన బల్ల మీద ఉంది. పెన్ను దారంతో కట్టి ఉంది, తీసుకెళ్ళకండి. సంతకం చేసేటప్పుడు పిల్ల వయసు, మీ పని వేళలు ఎదురుగా రాయండి, వేళలు రాస్తేనే పూటబడి సరిపోదని వాళ్ళకి అర్థమవుతుంది. పిల్లలు పెద్దయిపోయిన వాళ్ళు కూడా చెయ్యాలి. నా పిల్ల తొమ్మిదో తరగతి దాటింది, మొదటి సంతకం నాదే. చదువు రానివాళ్ళు వేలిముద్ర వెయ్యొచ్చు, ఇంకు డబ్బా పెట్టాం. సోమవారం పదిన్నరకి ఐదుగురం తీసుకెళ్తున్నాం, కుదిరినవాళ్ళు రండి.

ఇంకా చెప్పాల్సింది ఉంది గానీ ఆరు దాటింది. ఆరున్నరకి పిల్లల ఇల్లు మూసెయ్యాలి. ఇక్కడున్న వాళ్ళలో నలుగురి పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు, మావుసి ఇంటికెళ్ళి వంట చేసుకోవాలి. తల్లులు లేవండమ్మా, నేనూ మీతో వస్తున్నాను.